సియోల్ సందుల్లో ఇళ్ళ తలలు ఎవరు కోశారు?

కిరణ్_కేపీహెచ్‌బీ
అందరికీ నమస్కారం. నేను బీ.ఆర్క్ మూడో ఏడాది. ఈ సెమిస్టర్‌లో ఇరుకు నగరాల్లో ఇళ్ళ మీద స్టడీ ఇచ్చారు. మా క్లాసులో సగం మంది సింగపూర్ మీద పడ్డారు, మిగతావాళ్ళు టోక్యో. నేను సియోల్ తీసుకున్నా. సియోల్ అనగానే అందరూ పంపే ఫోటోలు రెండే: జహా హదీద్ డిజైన్ చేసిన డీడీపీ (దోంగ్‌దేమున్ డిజైన్ ప్లాజా), ఊరి నడిబొడ్డున పారే చంగ్యేచన్ వాగు. నా డౌటు వాటి మీద కాదు. స్ట్రీట్ వ్యూలో మాంగ్వోన్ లాంటి పేటల్లో తిరుగుతుంటే నాలుగైదు అంతస్తుల ఇళ్ళు వరసగా కనిపిస్తున్నాయి. మూడో అంతస్తు దాకా నిటారుగానే ఉంటాయి. ఆ పైన ఒక పక్క మాత్రం ఏటవాలుగా కోసేసినట్టో, మెట్లు మెట్లుగా వెనక్కి జరిగినట్టో ఉంటాయి. వీధంతా అదే వరస. ఎవరో పెద్ద ఆర్కిటెక్టు మొదలుపెడితే మిగతావాళ్ళు కాపీ కొట్టారా? కొరియాలో ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సుధ_సువాన్
స్టైలూ లేదు, పాడూ లేదు తమ్ముడూ. ఎండ కోసం. ఆ కోత ఎప్పుడూ ఉత్తరం పక్కనే ఉంటుంది, మ్యాప్ తిప్పి చూసుకో.

కిరణ్_కేపీహెచ్‌బీ
చూశా అక్కా, నిజమే! అన్నీ ఉత్తరానికే. కానీ ఎండ దక్షిణం నుంచి కదా వచ్చేది, ఉత్తరం పక్క కోస్తే ఎవరికి లాభం?

రేవతి_విజయవాడ
ఆ ఇంటివాళ్ళకి కాదు కిరణ్, వెనక ఇంటివాళ్ళకి. ఉత్తరాన ఉన్న పొరుగువాడికి నీ ఇల్లే దక్షిణం. నువ్వు నిటారుగా లేపితే చలికాలమంతా వాడి ఇల్లు నీ నీడలోనే ఉంటుంది. మనకి నీడ పడితే హాయి. అక్కడ డిసెంబరులో మైనస్‌లోకి పోతుంది. సియోల్ 37.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి డిసెంబరు 21న సూర్యుడు అన్నిటికంటే పైకి వచ్చేసరికి కూడా 29 డిగ్రీలకు మించి లేవడు. అదే రోజు హైదరాబాదులో 49 డిగ్రీలు. ఆ 29 డిగ్రీల ఎండకి పడే నీడ ఎంత పొడుగో ఒకసారి సెక్షన్ గీసి చూడు.

అందుకే వాళ్ళ బిల్డింగ్ చట్టంలో నివాస జోన్లకి ఒక గీత పెట్టారు. 9 మీటర్ల ఎత్తు దాకా ఉత్తరపు హద్దు నుంచి మీటరున్నర వదిలితే చాలు. 9 దాటిన భాగం మాత్రం, అది ఎంత ఎత్తులో ఉంటే అందులో సగం దూరం హద్దు నుంచి వెనక్కి ఉండాలి. 2023లో ఆ 9ని 10 చేశారు. నువ్వు చూస్తున్న పేటల్లో ఎక్కువ ఇళ్ళు పాత లెక్కలో కట్టినవే, అందుకే మూడు అంతస్తుల దాకా నిటారు, ఆ పైన కోత.

ఇప్పుడు కాగితం మీద పెట్టి చూడు. అక్కడ స్థలాన్ని ప్యంగ్‌లలో కొలుస్తారు, ఒక ప్యంగ్ 3.3 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు నాలుగు గజాలు. 50 ప్యంగ్‌ల స్థలం అంటే మన 200 గజాల ప్లాటు. లోతు పదమూడు మీటర్లు అనుకుందాం. 12 మీటర్ల ఎత్తున ఉన్న గోడ ఉత్తరపు హద్దు నుంచి 6 మీటర్లు లోపలికి రావాలి, అంటే నాలుగో అంతస్తులో సగం ప్లాటు ఎగిరిపోయింది. ఎవడైనా ఆ సగాన్ని ఊరికే వదిలేస్తాడా? నిబంధన ఒప్పుకున్న చివరి అంగుళం దాకా కాంక్రీటు పోస్తాడు. నీకు కనిపించిన ఆకారం అదే, చట్టంలోని గీత మీద నేరుగా పోసిన కాంక్రీటు.

ఇంకో ముచ్చట. అక్కడ ఇల్లు కట్టుకుని ఉండేవాళ్ళు దక్షిణం రోడ్డు అడుగుతారు. కట్టి అద్దెలకిచ్చేవాళ్ళు మాత్రం ఉత్తరం రోడ్డున్న స్థలం కోసం పోటీ పడతారు. ఉత్తరాన రోడ్డుంటే ఆ వెడల్పు కలిసొచ్చి ఇంకాస్త పైకి లేపుకోవచ్చు.

పాత_టీపీవో
రేవతి గారు బాగా చెప్పారు. ముప్పై ఏళ్ళు టౌన్ ప్లానింగ్‌లో ఫైళ్ళు చూసిన వాణ్ణి, నాకు ఇందులో ఆసక్తిగా అనిపించింది దిక్కు. మన సెట్‌బ్యాక్‌లకి, అంటే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీలకి, దిక్కు లేదు. ఎత్తు ఎంత, రోడ్డు వెడల్పు ఎంత, దాన్ని బట్టి ముందు ఇంత, మిగతా మూడు పక్కలా ఇంత అని టేబుల్. తూర్పూ పడమరా దానికి అక్కర్లేదు. దిక్కు చూసేది వాస్తు సిద్ధాంతి, ఆయనా ఉత్తరం, తూర్పు ఎక్కువ వదలమంటాడు. అంటే మనవాళ్ళు సొంత ఇంటికి మంచిదని ఉత్తరం వదులుతారు, వాళ్ళు వెనకవాడి ఎండ కోసం వదులుతారు.

బండ్లగూడ_భాయ్
మా గల్లీలో వదిలేది ప్లాన్ కాగితం మీదనే సార్ 😀

పాత_టీపీవో
అది నన్ను అడగకండి భాయ్, పెన్షన్ మీద బతుకుతున్నా.

కిరణ్_కేపీహెచ్‌బీ
రేవతి మేడం, సూపర్. మరి కింద స్తంభాల మీద లేపి పార్కింగ్ పెడుతున్నారు కదా, మన స్టిల్ట్ లాగే. అది ముందు నుంచీ ఉందా? కొన్ని పాత ఇళ్ళకి స్టిల్ట్ లేదు, బదులుగా నేలకి ఆనుకుని చిన్న కిటికీలు కనిపిస్తున్నాయి.

సుధ_సువాన్
ఆ కిటికీలు బాంజిహావి. సగం భూమిలో ఉండే ఇల్లు. ఆస్కార్ కొట్టిన కొరియన్ సినిమాలో చూసే ఉంటావు. నేను వచ్చిన కొత్తలో అలాంటి రూము ఒకటి చూడ్డానికి వెళ్ళా. అద్దె తక్కువని ఆశపడ్డా గానీ గోడకి చెయ్యి ఆనిస్తే చెమ్మ అంటుకుంది. కిటికీ తీస్తే ఎదురుగా కారు టైరు. బాత్రూంలో కమోడ్ మాత్రం రెండు మెట్లెక్కి కూర్చోవాలి, ఎందుకంటే డ్రైనేజీ పైపు ఇంటి కంటే ఎత్తులో ఉంటుంది. బయటికొచ్చి వేరే చోటు చూసుకున్నా.

రేవతి_విజయవాడ
దాని పుట్టుక కూడా చట్టంలోనే ఉంది. 1970లో ఉత్తర కొరియా దాడుల భయం బాగా ఉన్న రోజుల్లో ఇళ్ళకి నేలమాళిగ ఉండాలని పెట్టారు, యుద్ధం వస్తే దాక్కోవడానికి. పల్లెల నుంచి జనం సియోల్‌కి పోటెత్తడంతో ఆ గదులు అద్దెలకెక్కాయి. తర్వాత దాన్ని చట్టమే ఒప్పుకుంది. గది ఎత్తులో సగం భూమిలో ఉంటే అది బేస్‌మెంటు కిందే లెక్క. బేస్‌మెంటుని ఎఫ్‌ఏఆర్‌లో, అంటే అంతస్తులన్నీ కలిపి ప్లాటుకి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్కలో, కలపరు. సియోల్‌లో రెండో రకం నివాస జోన్‌లో కవరేజీ (ప్లాటులో ఇల్లు ఆక్రమించే వంతు) 60 శాతం, ఎఫ్‌ఏఆర్ మామూలుగా 200 శాతం. మన 200 గజాల ప్లాటులో అది దాదాపు 330 చదరపు మీటర్లు, అంతే. ఇక లెక్కలోకి రాని ప్రతి అడుగూ బంగారమే. బేస్‌మెంటు లెక్కలోకి రాదు. కింద స్టిల్ట్ పార్కింగ్ రాదు. బాల్కనీ మీటరున్నర దాకా రాదు. టెర్రస్ మీద మెట్ల గది, ట్యాంకు రూము బిల్డింగ్ ఏరియాలో ఎనిమిదో వంతు మించకపోతే అంతస్తుగా లెక్కపెట్టరు, అందులోనూ మనుషులుంటారు.

పార్కింగ్ తప్పనిసరి చేసి, ఆ నిబంధన బిగించేకొద్దీ కొత్త ఇళ్ళలో బేస్‌మెంటు పోయి స్టిల్ట్ వచ్చింది. దానికీ ఒక రోగం ఉంది. 2017 నవంబరులో పోహాంగ్‌లో 5.4 భూకంపం వచ్చినప్పుడు స్టిల్ట్ ఇళ్ళ స్తంభాలు చిట్లి లోపలి ఇనుము బయటపడిన ఫోటోలు దేశమంతా చూసింది. బరువంతా పైన, కింద గోడల్లేకుండా నాలుగు కాళ్ళు, మెట్ల గది ఒక మూలకి. విజయవాడలో నేను చూసే సగం అపార్ట్‌మెంట్లూ ఇంతే, అది వేరే థ్రెడ్.

బాంజిహా సంగతికొస్తే, 2022 ఆగస్టు 8 రాత్రి వానకి సిల్లిమ్ పేటలో అలాంటి ఇంట్లో ఒకే కుటుంబంలో ముగ్గురు పోయారు. బయట నీళ్ళ బరువుకి తలుపు తెరుచుకోలేదు. ఆ తర్వాతే సియోల్ నగరం ఇక బాంజిహాలు వద్దంది. ఉన్నవాళ్ళని ఆ అద్దెకి ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు.

పెనుకొండ_వాసు
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. ఈ థ్రెడ్ చూసి ఒకటి అడగాలనిపించింది. కియా ఫ్యాక్టరీ వచ్చాక మా వైపు కొరియన్లు బాగా తెలుసు. నాకు తెలిసిన ఒకాయన మొన్న అందరికీ పార్టీ ఇచ్చాడు. కారణమేంటంటే సియోల్‌లో వాళ్ళమ్మ ఉంటున్న బిల్డింగ్ బలహీనంగా ఉందని ఇన్‌స్పెక్షన్‌లో తేలిందట! మన ఊళ్ళో ఇల్లు కూలేలా ఉందని నోటీసొస్తే ఏడుస్తారు. ఈయన స్వీట్లు పంచాడు.

సుధ_సువాన్
హహహ, అది మామూలే వాసు గారూ. పాత కాలనీ గేటు మీద పెద్ద బ్యానర్ కడతారు, "సేఫ్టీ పరీక్ష పాసయ్యాం, అభినందనలు" అని. పాసవడం అంటే పరీక్షలో బిల్డింగ్ ఫెయిలవడం. డీ గానీ ఈ గానీ గ్రేడ్ వస్తే కొట్టి మళ్ళీ కట్టుకోవచ్చు. పద్నాలుగు అంతస్తుల చోట ముప్పై, నలభై అంతస్తులు లేపుతారు, పెరిగిన ఫ్లాట్లు అమ్మి ఖర్చు రాబట్టుకుంటారు, పాతవాళ్ళకి కొత్త ఫ్లాటు వస్తుంది. రేటు ఆకాశంలో ఉంటుంది.

గాంగ్‌నమ్‌లో ఉన్మా అని 1979 నాటి కాలనీ ఉంది, 4,424 ఇళ్ళు. ట్యూషన్ సెంటర్లకి పేరు పడ్డ దేచీ పేటలో. 2010లో డీ గ్రేడ్ వచ్చింది. ఇళ్ళవాళ్ళ మధ్య గొడవలు, నగరం అనుమతులు, ఎత్తు మీద తగాదాలు దాటుకుని, మళ్ళీ కట్టుకోవడానికి ఓనర్ల అసోసియేషన్ ఏర్పడేసరికి 2023. పైపుల్లోంచి తుప్పు నీళ్ళొస్తాయి, కార్లు మూడు వరసల్లో పెట్టి ఒకదాన్నొకటి తోసుకుంటారు. అయినా ఆ ఫ్లాటు ధరకి మా లాంటి వాళ్ళం కళ్ళు తేలేస్తాం.

బండ్లగూడ_భాయ్
కార్లు తోసుకోవడమా??

సుధ_సువాన్
అవును, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా పోతారు. అడ్డమొస్తే చేత్తో నెట్టి నీ కారు తీసుకోవాలి. మొదటిసారి నేను నెట్టడానికి భయపడ్డా. సెక్యూరిటీ తాత వచ్చి ఒంటి చేత్తో నెట్టేశాడు.

రేవతి_విజయవాడ
కిరణ్, నీ స్టడీలో సందుల ఇళ్ళే పెట్టి అపార్ట్‌మెంట్ కాలనీలని వదిలేస్తే మాత్రం సియోల్ సగమే చూసినట్టు. కొరియా మొత్తం ఇళ్ళలో అరవై శాతం పైనే అపార్ట్‌మెంట్లు. మొదటి కాలనీ మాపో 1960ల మొదట్లో కట్టారు, 1991లో కూల్చేశారు. 1970 ఏప్రిల్‌లో వావూ అపార్ట్‌మెంట్ కూలి ముప్పై మందికి పైగా చనిపోయారు, కట్టి నాలుగు నెలలు కాలేదు. దాంతో జనం అపార్ట్‌మెంట్ అంటేనే భయపడ్డారు. ఆ భయం పోయి మధ్యతరగతి కల అపార్ట్‌మెంటే అయింది. ఎందుకయిందంటే నాకు తోచిన కారణం ఒకటే ముఖ్యం: ఫ్లాటుని షేరులా అమ్మొచ్చు. లోపలి ఏరియా 84 చదరపు మీటర్లు, మూడు బెడ్రూములు, దక్షిణం చూసే హాలు, నేల కింద వేడి నీళ్ళ పైపులు. ఈ మూస దేశమంతా ఒకటే. ఫలానా కాలనీలో 84 ఎంతకి పోయింది అంటే సరిపోతుంది, ఇల్లు చూడక్కర్లేదు. విడి ఇల్లు అలా కాదు, ప్రతిదీ చూసి బేరమాడాలి.

అయితే ఆ 84 కూడా నిజంగా 84 కాదు. 2005 డిసెంబరులో బాల్కనీని గదిలో కలుపుకోవడం చట్టబద్ధం చేశారు. అప్పటి నుంచి డిజైనర్లు బాల్కనీ గీసేదే తర్వాత అద్దం జరిపి హాల్లో కలపడానికి. ప్లాన్‌లో బాల్కనీ ఉంటుంది, ఇంట్లో ఉండదు. బట్టలారేసుకునే చోటు పోయి డ్రయ్యర్లు వచ్చాయి.

పెనుకొండ_వాసు
మరి పాత కాలనీ కొట్టేసినప్పుడు ఎవరికీ బాధ ఉండదా? అన్నీ రేట్లేనా?

సుధ_సువాన్
ఉంటుంది వాసు గారూ. దున్‌చోన్ అని తూర్పున ఒక పెద్ద కాలనీ ఉండేది, 1980లో కట్టింది, 5,930 ఇళ్ళు. తక్కువ ఎత్తు బిల్డింగులు, వాటి మధ్య నలభై ఏళ్ళ చెట్లు. ఖాళీ చేసే రోజుల్లో అక్కడ పెరిగిన పిల్లలు, అప్పటికి వాళ్ళూ పెద్దవాళ్ళే, చెట్ల దగ్గర, జారుడుబండ దగ్గర ఫోటోలు దిగి పుస్తకాలేసుకున్నారు. ఆ కాలనీలో వందల పిల్లులుండేవి. కూల్చే లోపు వాటిని ఎలా తరలించాలని అక్కడి ఆడవాళ్ళు ఒక గ్రూపు కట్టారు. తిండి గిన్నెల్ని రోజూ కొద్దికొద్దిగా గేటు వైపు జరుపుతూ పోయారు. ఇప్పుడక్కడ 12,032 ఇళ్ళు. 2024 నవంబరు నుంచి జనం దిగారు.

బండ్లగూడ_భాయ్
సరే గానీ, మన అసలు సంగతికి రండి. 2024లో మన ముఖ్యమంత్రి గారు పోయి చూసొచ్చింది ఆ చంగ్యేచన్ వాగునే. తర్వాత మంత్రులు, జర్నలిస్టులు కూడా పోయొచ్చారు. మూసీని అట్ల చేస్తామన్నారు. అది అయ్యే పనేనా? ఆర్కిటెక్టులు చెప్పాలె.

మోడరేటర్
పార్టీల పేర్లు, నాయకుల మీద వెటకారం వద్దు. వాగు గురించి, నది గురించి ఎంతైనా రాయండి.

రేవతి_విజయవాడ
వాగు గురించే రాస్తా. 1958 నుంచి దాని మీద కాంక్రీటు మూత వేస్తూ వచ్చారు, తర్వాత ఆ మూత మీద ఫ్లైఓవర్ కట్టారు. రెండు రోడ్ల మీదా కలిపి రోజుకి లక్షకు పైగా బండ్లు. 2003 జూలైలో కూల్చడం మొదలుపెట్టి 2005 అక్టోబరు 1న 5.8 కిలోమీటర్ల వాగుని జనానికి తెరిచారు. రెండేళ్ళ మూడు నెలలు! అందరూ చెప్పేది ఇక్కడితో అయిపోతుంది. అసలు కథ దీనికి అటూ ఇటూ ఉంది.

ముందు సంగతి: 1994లో సంగ్సూ వంతెన కూలింది, 1995లో సంపుంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది పోయారు. కూల్చే నాటికి ఆ ఫ్లైఓవర్ తుప్పు పట్టి, పెద్ద బండ్లని ఆపేసిన స్థితిలో ఉంది. ఉంచాలన్నా కోట్లు పోసి రిపేరు చెయ్యాలి. అంటే బాగున్న రోడ్డునేమీ త్యాగం చెయ్యలేదు. తర్వాతి సంగతి: 2004 జూలై 1న నగరం బస్సులన్నీ తిరగరాశారు. రోడ్డు మధ్యలో బస్సు లేన్లు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు రంగుల బస్సులు, మెట్రోకీ బస్సుకీ ఒకే కార్డు, దూరాన్ని బట్టి ఒకే చార్జీ. ఆ బస్సుల్లేకుండా రోడ్డు తీసేసుంటే జనం నెలలోపే ఫ్లైఓవర్ మళ్ళీ కట్టమనేవాళ్ళు. మన దగ్గర పోయొచ్చినవాళ్ళు ఫోటో దిగింది వాగు దగ్గర. బస్సుస్టాపు దగ్గర దిగాల్సింది.

నీళ్ళ సంగతి: అందులో పారే నీళ్ళు దాని సొంతం కాదు. హాన్ నది నుంచి పంపు చేసి, మెట్రో సొరంగాల్లో ఊరే నీళ్ళు కలిపి వదులుతారు. పంపు ఆగితే వాగు ఆగుతుంది.

సుధ_సువాన్
వేసవిలో పెద్ద వాన పడితే మైకులో చెప్పి జనాన్ని పైకి పంపేస్తారు. పక్క గోడల్లో గేట్లుంటాయి, వాన నీళ్ళు పైపుల్లో పట్టకపోతే అవే తెరుచుకుని మురుగుతో సహా వాగులోకి పడుతుంది. ఫోటోల్లో ఆ గేట్లు కనిపించవు, రాళ్ళ వరస అనుకుంటారు.

పాత_టీపీవో
దీన్ని మూసీతో పోల్చడం దగ్గరే నాకు పేచీ. చంగ్యేచన్ ఒక ఊరి మధ్యలో చిన్న వాగు. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి హైదరాబాదు పరిధిలోనే 55 కిలోమీటర్లు పోయే నది. 1908 వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టి పై నుంచి వచ్చే నీటిని పట్టాం. ఇప్పుడు కిందికి వచ్చేది ఎక్కువగా మనం వదిలే మురుగే. సియోల్‌లో తీసింది రోడ్డు. ఇక్కడ తియ్యాల్సింది మురుగు, ఆ తర్వాత ఇళ్ళు. రోడ్డు తీస్తే కారువాడు చుట్టు తిరిగి పోతాడు. ఇల్లు తీస్తే వాడెక్కడికి పోతాడు? ఎస్టీపీలు (మురుగు శుద్ధి కేంద్రాలు) పూర్తి చేసి, కాలువలన్నీ వాటికి కలిపి, ఆ తర్వాత డిజైన్ పోటీ పెట్టండి. నేను సర్వీసులో ఉన్నా ఇదే రాసేవాణ్ణి.

బండ్లగూడ_భాయ్
అట్ల అంటే ఎన్నేళ్ళయినా అట్లనే ఉంటది సార్. మా ఇంటి దాకా కంపు వస్తది. వాళ్ళు రెండేళ్ళల్ల చేసిండ్రు కదా, గట్టిగ పట్టుబట్టినోడు ఉండాలె.

పాత_టీపీవో
పట్టుబట్టిన మేయరు తర్వాత దేశాధ్యక్షుడు కూడా అయ్యాడు భాయ్, కాదనను. కానీ వాగు గట్టు మీది వ్యాపారుల్ని అడగండి.

రేవతి_విజయవాడ
ఆ సంగతి చెప్పాల్సిందే. ఫ్లైఓవర్ కింద బండ్ల మీద అమ్ముకునేవాళ్ళు వందల మంది ఉండేవాళ్ళు. వాళ్ళని పక్కనే ఉన్న దోంగ్‌దేమున్ స్టేడియంలోకి పంపారు, అది 1925లో కట్టిన క్రీడా మైదానం. అక్కడ గ్రౌండు మీద టార్పాలిన్లు వేసుకుని పాత సామాన్ల సంత నడిపారు. కొన్నేళ్ళకే ఆ స్టేడియాన్నీ కూల్చారు. మళ్ళీ వాళ్ళని ఇంకో చోటికి పంపారు. స్టేడియం ఉన్న చోట లేచిందే, కిరణ్ వద్దనుకున్న ఇంకో ఫోటో, డీడీపీ. 2014 మార్చిలో తెరిచారు. 45,133 అల్యూమినియం పలకలు, ఒక్కోదాని వంపు వేరు. తవ్వుతుంటే పాత కోట గోడ, రెండు కమానుల నీటి ద్వారం బయటపడితే వాటిని పార్కులో ఉంచారు. లోపల నడుస్తుంటే గోడ ఎక్కడ మొదలై కప్పు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. పనితనానికి దండం పెట్టాల్సిందే. నాకు మాత్రం అది ఏ ఊళ్ళో దింపినా ఒకటే అనిపిస్తుంది.

దుకాణాలున్న వ్యాపారులకి ఊరి చివర గార్డెన్ ఫైవ్ అని పెద్ద మాల్ కట్టి ఇస్తామన్నారు. 2010లో తెరిచారు. అక్కడ షాపు రేటు వాళ్ళకి అందనంత ఎక్కువ, చివరికి వెళ్ళింది కొద్దిమందే. సుప్యో వంతెన అనే పాత రాతి వంతెనని మూత వేసినప్పుడు పార్కుకి తీసుకెళ్ళారు, వాగు తెరిచినా తిరిగి తేలేదు. రెండేళ్ళలో ముగించాలంటే ఇలాంటివే జారిపోతాయి.

సుధ_సువాన్
నేను ఇంకో వైపు కూడా చెప్తా రేవతి గారూ. ఆఫీసు పని మీద సియోల్ వెళ్ళినప్పుడు మధ్యాహ్నం ఆ వాగు గట్టునే కూర్చుని డబ్బా తింటా. ముసలివాళ్ళు చెప్పులు విప్పి కాళ్ళు నీళ్ళలో పెడతారు. పై రోడ్డు కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది. కృత్రిమమే, పంపు నీళ్ళే. అయినా ఊరి నడిబొడ్డున టికెట్ లేకుండా కూర్చునే చోటు.

రేవతి_విజయవాడ
ఒప్పుకుంటా. ఫ్లైఓవర్ ఉన్నప్పటి కంటే వెయ్యి రెట్లు నయం.

కిరణ్_కేపీహెచ్‌బీ
మేడం, ఆర్కిటెక్టుల పేర్లు కూడా కావాలి. మా సార్ "ఒక్క కొరియన్ పేరు లేకుండా కొరియా మీద స్టడీ ఏంటి" అన్నారు.

రేవతి_విజయవాడ
ఇద్దరితో మొదలుపెట్టు. ఒకరు కిమ్ జుంగప్. 1952 నుంచి 1955 దాకా పారిస్‌లో ఆధునిక ఆర్కిటెక్చర్‌లో పెద్ద పేరైన లె కార్బూజియే దగ్గర పనిచేశాడు. అప్పుడు ఆ ఆఫీసులో నడుస్తున్న పెద్ద పని ఏంటి? మన చండీగఢ్! ఆ డ్రాయింగుల్లో ఆయన చెయ్యి ఉంది. తిరిగొచ్చి సియోల్‌లో ఫ్రెంచ్ ఎంబసీ కట్టాడు. కప్పు అంచులు కొరియా పాత ఇళ్ళ చూరులా పైకి లేస్తాయి, పదార్థం మాత్రం కాంక్రీటు.

రెండో ఆయన కిమ్ సూగున్. ఈయన సొంత ఆఫీసు కోసం కట్టుకున్న స్పేస్ బిల్డింగ్ 2014 నుంచి మ్యూజియంగా ఉంది. నల్ల ఇటుక, తల తగిలేంత తక్కువ ఎత్తు కప్పులు, ఒక్కసారిగా విచ్చుకునే గది, ఒక మనిషి మాత్రమే పట్టే మెట్లు. ఇరుకుని అంత ఇష్టంగా వాడిన బిల్డింగ్ నేను ఇంకోటి చూడలేదు. అదే మనిషి 1960ల చివర్లో సెవున్ సాంగా గీశాడు. జోంగ్‌మ్యో అనే రాజుల పూర్వీకుల గుడి ఎదురుగా మొదలై దక్షిణానికి కిలోమీటరు పొడవునా వరసగా బిల్డింగులు, కింద దుకాణాలు, పైన అపార్ట్‌మెంట్లు, మూడో అంతస్తు ఎత్తున నడక దారి. కొత్తలో సినిమా వాళ్ళు, పెద్ద ఉద్యోగులు ఉండేవాళ్ళు. తర్వాత గాంగ్‌నమ్ లేవడంతో వాళ్ళు పోయి రేడియోలు, టీవీలు, విడి భాగాల అడ్డా అయింది. సెవున్ ఒక చుట్టు తిరిగితే జలాంతర్గామి కూడా బిగించుకోవచ్చు అని అక్కడ సామెత.

బండ్లగూడ_భాయ్
మా జగదీశ్ మార్కెట్ లెక్క!

రేవతి_విజయవాడ
కాస్త అలాగే, కాకపోతే వెనక సందుల్లో లేత్ మిషన్లు కూడా ఉంటాయి. దాని గతి చూడు కిరణ్, నీ స్టడీకి ఇదొక్కటే చాలు. ఒక మేయరు కూల్చి పార్కు చేస్తానని ఉత్తరపు బిల్డింగ్ పడగొట్టాడు. తర్వాతి మేయరు వద్దని ఆపి, నడక దారి బాగుచేసి 2017లో తెరిచాడు. పాత మేయరు 2021లో మళ్ళీ గెలిచి మళ్ళీ కూల్చి పచ్చదనం చేస్తానన్నాడు. జోంగ్‌మ్యో 1995 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఎదురుగా టవర్లు ఎంత ఎత్తు రావచ్చన్న దాని మీద 2025లో నగరానికీ వారసత్వ శాఖకీ పెద్ద తగాదా నడిచింది. డిజైన్ ఎంత గొప్పదైనా మేయరు మారితే దాని ఆయుష్షు మారిపోతోంది.

ఇంకో రెండు పేర్లు రాసుకో. సుంగ్ హ్యోసాంగ్ కిమ్ సూగున్ దగ్గర పనిచేసినవాడు, సియోల్ నగరానికి మొదటి సిటీ ఆర్కిటెక్టు. చోయ్ మున్‌గ్యూ ఇన్సాదోంగ్‌లో సంజీగిల్ అనే మార్కెట్ కట్టాడు, 2004లో. లిఫ్టు ఎక్కి షాపులకి పోవడం ఉండదు, వీధే వాలుగా చుట్టుకుంటూ పై అంతస్తుకి పోతుంది. నాకు మాత్రం మనసుకి దగ్గరైంది 2016 వెనిస్ బినాలే అనే ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో కొరియా పెవిలియన్. వాళ్ళు టవర్లు పెట్టలేదు. నువ్వు అడిగిన ఈ సందుల ఇళ్ళనే పెట్టారు, ఎఫ్‌ఏఆర్‌తో ఆర్కిటెక్టులు ఆడే ఆట అని. ఆ ఎండ గీత కింద మిగిలిన వంకర జాగాలో వాలు కప్పుతో చదువుకునే గది పెట్టడం, కోత పడిన చోట టెర్రస్ వదలడం, బయటి మెట్లని ముఖభాగం చేసెయ్యడం. ఎక్కువగా చిన్న ఆఫీసుల వాళ్ళు చేసిన పని.

పాత_టీపీవో
ఇక్కడ ఒక మాట. హైదరాబాదులో ఎఫ్‌ఎస్‌ఐ (మీరన్న ఎఫ్‌ఏఆరే) పరిమితే లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, ఎత్తు, అంతే. 2006 జీవో 86, తర్వాత 2012 జీవో 168. అందుకే కోకాపేటలో యాభై అంతస్తులు లేస్తున్నాయి. రూల్ గట్టిగా ఉంటే తెలివి పుడుతుందని మీరంటే, మన దగ్గర ఆ అవసరం రాలేదని నేనంటా. అటు వంద గజాల్లో కట్టుకునేవాడికి మాత్రం సెట్‌బ్యాక్ వదిలితే గది మిగలదు. వాడి కోసం ఏ ఆర్కిటెక్టూ గీయడు, మేస్త్రీయే గీస్తాడు.

రేవతి_విజయవాడ
సార్, మీరన్న వంద గజాల ఇల్లు నేను ఏడాదికి ఒకటో రెండో గీస్తూనే ఉన్నా. ఫీజు మాత్రం మేస్త్రీతో సమానంగా ఇస్తామంటారు.

కిరణ్_కేపీహెచ్‌బీ
అందరికీ థాంక్స్. జనవరిలో మా కాలేజీ స్టడీ టూర్ సియోల్‌కే అంటున్నారు, ఒక రోజు మాకే వదిలేస్తారట. సుధక్కా, ఈ చెప్పినవన్నీ ఒక్క రోజులో నడిచి చూడొచ్చా?

సుధ_సువాన్
చూడొచ్చు, బూట్లు మంచివి వేసుకో. పొద్దున్నే జోంగ్‌మ్యో గేటు దగ్గర మొదలుపెట్టు, కానీ మంగళవారం మూసేస్తారు. రోడ్డు దాటితే సెవున్ సాంగా. పై దారి మీద నడుస్తూ కిందికి చూస్తే లేత్ మిషన్ల సందులు కనిపిస్తాయి, దిగి వెళ్ళు, ఫోటో తీసేముందు అడుగు. మధ్యలో ఆ దారి చంగ్యేచన్ వాగుని దాటుతుంది, అక్కడ దిగి నీటి వెంట తూర్పుకి నడిస్తే అరగంటలో డీడీపీ. దాన్ని చూసి ఊరుకోకు, వెనక చాంగ్‌సిన్ కొండెక్కు. దోంగ్‌దేమున్ బజార్లో అమ్మే బట్టలు కుట్టేది ఆ కొండ మీద ఇళ్ళలోనే. కింది అంతస్తుల్లోంచి ఇస్త్రీ ఆవిరి బయటికొస్తుంటుంది, గుడ్డల మూటలేసుకుని బైకులు ఆ వాలులో రివ్వున దూసుకుపోతాయి, పక్కకి తప్పుకో. పైన జపాన్ వాళ్ళ కాలంలో రాయి తవ్విన కొండ చరియ, దాని అంచు దాకా ఇళ్ళు. నువ్వు అడిగిన కోసిన తలలు అక్కడ బోలెడు. ఆదివారం మాత్రం వెళ్ళకు, కుట్టు షాపులన్నీ షట్టరు దించేసి ఉంటాయి.

కిరణ్_కేపీహెచ్‌బీ
సరే అక్కా. తినడానికి?

సుధ_సువాన్
వెజ్జా నాన్‌వెజ్జా అది ముందు చెప్పు. వెజ్ అయితే పులిహోర కట్టుకురా.